పదిహేను సెకన్ల తేడా

స్టాప్‌వాచీ, టీడీఎస్ మీటరు, రెండు నోటు పుస్తకాలు, కళ్ళద్దాల పెట్టె, మోకాళ్ళ నొప్పుల మందు, అన్నిటి మీదా అరకిలో ఉప్పు ప్యాకెట్టు. హెప్సిబా ఒక్కొక్క వస్తువునూ పేరుపెట్టి పిలుస్తూ సంచిలో వేసింది. అట్లా పైకి చదవకపోతే ఏదో మరిచిపోయానన్న బెంగ బస్సెక్కినాక కూడా ఆమెను వదలదు.

"లక్సెట్టిపేటల ఉప్పు దొరకదా హెప్సీ?" అన్నాడు భర్త అనిల్ కుమార్, పేపరు వెనకనుంచి. "ఇంట్ల కూరకన్న ఉంచినవా?"

"మీకు బీపీ. ఇయ్యాల చప్పటి పప్పు తినుండ్రి. డాక్టరు సంతోషపడ్తడు."

"డాక్టరు సంతోషం కోసం నేను తినాల్నా?"

ఆమె నవ్వుకుంటూ తలుపు వెనక వేలాడే చర్చి క్యాలెండరు దగ్గరికి వెళ్ళింది. ఆ ఇంట్లో గడప దాటేవాళ్ళు ఎవరైనా ఎక్కడికి, ఎన్నింటికి పోతున్నారో, ఎన్నింటికి వస్తారో దాని మీద రాయాలి. పాల ప్యాకెట్టుకు పోయినా సరే. ఈ పద్ధతి పెట్టింది హెప్సిబాయే. ముప్పై ఏళ్ళ కిందట ఆమె అన్న బక్కయ్య రెండేళ్ళలో వస్తానని దుబాయికి వెళ్ళి మళ్ళీ రాలేదు. వెళ్ళిన రోజు ఎవరూ రాసిపెట్టుకోలేదు. అది మంగళవారమా బుధవారమా అని అవ్వా బాపూ చివరిదాకా వాదులాడుకున్నారు. కొడుకు సంగతిలో వాళ్ళకు ఆ వాదన ఒక్కటే మిగిలింది.

ఫిబ్రవరి పన్నెండు, బుధవారం గడిలో ఆమె రాసింది: లక్సెట్టిపేట. పోవుడు 6:50. వచ్చుడు సాయంత్రం 7.

ముప్పై ఒక్క ఏళ్ళు నీళ్ళ పరీక్షల ల్యాబులో అసిస్టెంటుగా చేసి రిటైరైనాక కరీంనగర్‌లో ఇంటి ముందు గదికి చిన్న బోర్డు కట్టింది హెప్సిబా. తప్పిపోయినవాళ్ళను వెతకడం ఆమె పని. నాలుగేళ్ళలో ఇరవై రెండు మంది కోసం వెతికితే పంతొమ్మిది మంది దొరికారు. ఆ పంతొమ్మిదిని తలుచుకుంటే కడుపు నిండినట్టుండేది. మిగతా ముగ్గురినీ తలుచుకుంటే నిద్ర పట్టేది కాదు. మొత్తం మీద ఈ వయసులో ఇంత నచ్చిన పని దొరకడం తన అదృష్టమనే ఆమె అనుకునేది.

నిన్న సాయంత్రం ఫోను చేసిన అమ్మాయి పేరు దీపిక. భర్త కొండల్ లక్సెట్టిపేట దగ్గర బొగ్గు పొరల కోసం బోరు వేసే రిగ్గు మీద డ్రిల్లరు. సోమవారం తెల్లవారుజామున ఇంట్లోంచి వెళ్ళినవాడు డ్యూటీకి చేరలేదు. అదే రోజు బోరులో రాడ్డు ఇరుక్కుంది. బోరులోకి పంపే ద్రవాన్ని చిక్కబరిచే పాలిమర్ పొడిని కొండల్ అమ్ముకుని, సంచిలో నకిలీ పొడి నింపి పారిపోయాడని కంపెనీ అంటోంది. బుధవారం రెండు గంటలకు దొంగతనం కేసు పెడతారట.

"దొంగనా కాదా మీరు చూడుండ్రి మేడం," అంది దీపిక చివర్లో. "నాకైతే ఒక్కటే ఎర్క గావాలె. నన్ను ఇడిసిపెట్టి పోయిండా, లేదా?"

*

తొమ్మిదిన్నరకు హెప్సిబా దీపిక ఇంట్లో చాయ్ తాగుతోంది. అమ్మాయికి ఇరవై ఆరు, ఇరవై ఏడు ఉంటాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గోడకు కొండల్ ఫోన్ చార్జర్ వేలాడుతోంది.

"ఎన్నింటికి పోయిండు బిడ్డా?"

"నాలుగు నలభైకి. తలుపు సప్పుడైతే ఫోన్ల చూసిన. నేను పండుకొనే ఉన్న."

"బ్యాగు పట్టుకపోయిండంటివి. ఏమేం పట్టుకపోయిండు?"

"అడుగున నీలం ప్యాంటు, దాని మీద రెండంగీలు, లుంగీ. పక్కకు పాస్‌పోర్టు కవరు. మీద తువాల."

హెప్సిబా గ్లాసు కింద పెట్టింది. "పండుకొని ఉన్నదానివి, అడుగున నీలం ప్యాంటున్నదని నీకెట్ల ఎర్క?"

దీపిక చూపు చార్జరు మీదికి పోయింది.

"చూసినోళ్లు పైనున్నది ముందు చెప్తరు. సర్దినోళ్లే అడుగు నుంచి చెప్తరు. నేను పొద్దున నా సంచి గట్లనే చదువుకున్న. బ్యాగు సర్దింది నువ్వేనా?"

ఆ అమ్మాయి ముఖం చేతుల్లో దాచుకుంది. తమ్ముడి నిశ్చయానికి రమ్మంటే కొండల్ రిగ్గు వదిలి రాలేదట. ఆదివారం రాత్రి మొదలైన కొట్లాట తెల్లారేదాకా సాగింది. ఇంక పట్టలేక తానే బట్టలు బ్యాగులో కుక్కి, పాస్‌పోర్టు కూడా పడేసి, అతని చేతిలో పెట్టింది. మస్కట్‌లో మీ అన్న దగ్గరికి పో, లేకుంటే ఆ రిగ్గునే పెండ్లి చేసుకో అంది.

"ఆయన ఏమన్నడు?"

"ఏమనలే. బ్యాగు పట్టుకొని పోయిండు. గా పాస్‌పోర్టు లేకపోవుడు చూసే వాళ్లు ఫారిన్ పోయిండంటున్నరు. నేనే పెట్టిన్నని ఏ ముఖంతో చెప్పాలె?"

"బట్టలు గాక ఇంకేం పెట్టినవ్?"

"రెండు జొన్నరొట్టెలు, ఉల్లికారం. రెండు లీటర్ల సీసాల నీళ్లు."

"అంత కోపంల?"

"కోపమైతే?" అంది దీపిక, అదేం ప్రశ్న అన్నట్టు. "తిండి పెట్టకుంట మనిషిని ఎట్ల పంపుత?"

హెప్సిబా మిగిలిన చాయ్ తృప్తిగా తాగి లేచింది. "నువ్వు గూడ నడువు. చార్జరు ఇంట్ల ఇడిసిపెట్టి మస్కట్ పోయేటోన్ని నేను ఇంతవరకు చూడలే."

*

పత్తి ఏరిన చేనులో రిగ్గు ఆగిపోయి నిలబడి ఉంది. పక్కన మడ్ గుంట. డ్రిల్లింగుకు వాడే చిక్కటి ద్రవాన్ని అక్కడివాళ్ళు మడ్ అనే అంటారు. గుంట అవతల నీళ్ళ ట్యాంకరు. సూపర్‌వైజరు ఓంప్రకాశ్ ఎదురొచ్చి కుర్చీ వేశాడు. హెప్సిబా కూర్చోలేదు.

"జర ఒక బకీటు ఇయ్యి తమ్మీ. పది లీటర్ల తాగే నీళ్ల క్యాను, నకిలీదంటున్న గా సంచిల నుంచి యాభై గ్రాముల పొడి. పొడి ఒక్కసారి పొయ్యొద్దు, ఉప్మాకు రవ్వ పోసినట్టు సన్నగ పోసుకుంట కలపాలె. గంటసేపు కలుపుతనే ఉండాలె."

"కలపక్కర్లేదు," అంది వెనకనుంచి ఒక గొంతు. ఇస్త్రీ అంగీ, నల్ల కళ్ళద్దాలు, చేతిలో ట్యాబ్. కంపెనీ హైదరాబాద్ నుంచి పంపిన విజిలెన్స్ ఆఫీసరు సాయిచంద్. "ఆంటీ, మీరెందుకు పరేషాన్ అవుతున్నరు? కేసు క్లియర్. పాస్‌పోర్టు లేదు. ఫోన్ అయిదు ఇరవై ఒకటికి ఆఫ్. స్టోర్ తాళం ఆయన దగ్గరనే. ఆయన పోయిన్నాడే మడ్ పల్చనైంది. ఇంకేం గావాలె?"

"ఒక్క మనిషి గావాలె సాయిచంద్ గారు. ఆయన తప్ప అన్ని దొరికినయ్ మీకు."

దూరంగా రాడ్ల మీద కూర్చున్నవాడెవడో కిసుక్కున నవ్వాడు. సాయిచంద్ కళ్ళద్దాలు తీశాడు.

"పాస్‌పోర్టు సంగతి ఈ అమ్మాయి చెప్తది, ఇనుండ్రి," అంది హెప్సిబా. దీపిక తలొంచుకుని చెప్పింది. సాయిచంద్ విని భుజాలెగరేశాడు. "ఓకే. నాలుగింట్ల ఒకటి పోయింది. పొడి మాట? అది నకిలీ అని మీ ముందల్నే తేలుతది. రెండింటికి కంప్లయింట్ పోవుడు ఆగది."

ఓంప్రకాశ్ రిజిస్టరు తెచ్చాడు. రిగ్గు మీద ప్రతి రెండు గంటలకు మడ్ ఎంత చిక్కగా ఉందో చూసి రాస్తారు. దానికో ప్లాస్టిక్ గరాటు ఉంటుంది, ఫన్నెల్ అంటారు. దాని నిండా మడ్ పోసి, కింది కప్పు నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తారు. ఉత్త నీళ్ళయితే ఇరవై ఆరు. ఎంత చిక్కనైతే అంత ఎక్కువ. చిక్కగా ఉంటేనే బోరులోని రాతిపొడి పైకి తేలి వస్తుంది. పల్చబడితే ఆ పొడి కిందికి దిగి రాడ్డును పట్టేస్తుంది.

సోమవారం పేజీ మీద హెప్సిబా వేలు కదిలింది. రాత్రి రెండు గంటలకు 46. నాలుగింటికి 46. ఆరింటికి 46. ఆరు పదికి ట్యాంకరు ఖాళీ చేశారు. ఆరు నలభై అయిదుకు 31. ఏడుంపావుకు రెండు కిలోల పొడి కలిపారు, 32. ఎనిమిదిన్నరకు ఇంకో రెండు కిలోలు, 32. పదిన్నరకు రాడ్డు ఇరుక్కుంది.

"నాలుగు కిలోలు పోసినా చిక్కబడలే," అన్నాడు సాయిచంద్. "ఎందుకు? నకిలీ పొడి కాబట్టి."

"ఆరింటికి నలభై ఆరు. ముప్పావు గంటల పదిహేను సెకన్లు తగ్గింది. ఆ నడుమ గుంటలకు కొత్తగ వచ్చిందేంది?"

"నీళ్ల ట్యాంకరొక్కటే," అన్నాడు ఓంప్రకాశ్. "హనుమండ్లు రోజు తెస్తడు, గోదారి నీళ్లు. కొత్తగ ఏమున్నది అండ్ల?"

హనుమండ్లును పిలిచారు. నలభై ఏళ్ళ బక్కపలచటి మనిషి. తువాలు రెండు చేతులతో పిండుతూ నిలబడ్డాడు.

"సోమవారం ఎన్నింటికి నింపినవ్ హనుమండ్లు?"

"అయిదింటికమ్మా. గోదారి ఘాటు కాడ. నలభై నిమిషాలు పట్టింది నిండేసరికి. ఆరు పదికి ఈడ ఉన్న."

"దారిల కొండల్ కనిపించిండా?"

"లేదమ్మా. ఎవ్వల్నీ ఎక్కించుకోలే."

హెప్సిబా తల ఊపి రాసుకుంది. ఆ జవాబులో ఏదో కాలికింద రాయిలా తగిలింది. కానీ అదేమిటో ఆ నిమిషంలో తేల్చుకోలేకపోయింది. అంతలో అతనే ఓంప్రకాశ్ వైపు తిరిగాడు. "సారూ, రాడ్డు గుంజాలంటే నీళ్లు గావాలె గదా. ఓ ట్రిప్పు తెస్త. గంటల వస్త."

ఓంప్రకాశ్ సరేనన్నాడు. ట్యాంకరు చేను దాటి రోడ్డెక్కింది. ఎక్కడున్నా పోని అలవాటు కనుక హెప్సిబా నోటు పుస్తకంలో ఒక వరుస రాసింది: హనుమండ్లు. నీళ్లకు. పోవుడు 11:20. వచ్చుడు 12:20.

*

పదకొండు నలభై అయిదుకు బకెట్లో పొడి కరిగి, వేళ్ళకు తీగలా సాగుతోంది.

"వాచీ మీరే పట్టుకోండ్రి," అని హెప్సిబా స్టాప్‌వాచీని సాయిచంద్ చేతిలో పెట్టింది. "రేపు ముసల్ది తొందరగ ఒత్తింది అనొద్దు."

ఓంప్రకాశ్ ఫన్నెల్ నింపి వేలు తీశాడు. ద్రవం నూనెలా దిగింది. కప్పు నిండింది. సాయిచంద్ వాచీ ఆపి, కాసేపు దానివంకే చూశాడు.

"ఎంత?" అంది దీపిక.

"నలభై ఏడు."

"అంటే పొడి అసలుదే," అంది హెప్సిబా. "మీ నాలుగింట్ల రెండోది పోయింది."

"మరి సోమవారం ఎందుకు పల్చనైంది?" సాయిచంద్ గొంతు పెరిగింది. "అదే పొడి, అదే మనుషులు, అదే గుంట!"

హెప్సిబా సంచిలోంచి ఉప్పు ప్యాకెట్టు తీసి పళ్ళతో కొరికి చింపింది. అయిదు నిండు చెంచాలు బకెట్లో పోసి కలపమంది. సాయిచంద్ చూస్తుండగానే కర్రకు తగిలే బిగువు పోయింది. నీళ్ళు బకెట్ అంచులకు గలగలా కొట్టుకున్నాయి.

మళ్ళీ ఫన్నెల్. మళ్ళీ వాచీ. ముప్పై రెండు.

"ఇంకోసారి," అన్నాడు సాయిచంద్. ఇంకోసారీ ముప్పై రెండే.

"పదిహేను సెకన్లు," అన్నాడు ఓంప్రకాశ్ నెమ్మదిగా. "రిజిస్టర్ల గూడ పదిహేనే. ఇదేం చిత్రమమ్మా? ఉప్పు పోస్తే ఇంకింత చిక్కగ గావాలె గదా, ఏదో ఒకటి కలిసింది గాబట్టి?"

"గీ పొడి కరిగితే కండ్లకు కనబడని పొడుగాటి పోగులైతది. పోగు పొడుగునా ఒకే తీరు కరెంటు ఉన్న చోట్లుంటయ్. ఒకే తీరు కరెంటు ఒకదాన్నొకటి ఓర్వది, దూరం నూకుతది. ఒక్క చాప మీద పడని తోడికోడళ్లను నలుగురిని కూసోబెట్టినవనుకో. ఎవలకు వాళ్లు అంచులకు జరుగుతరు. చాప మొత్తం నిండుతది. పోగులు గూడ గట్లనే బార్లా సాగి ఒకదానికొకటి అడ్డం పడ్తయ్. నీళ్లకు కదిలే సందుండది. అదే చిక్కదనం."

"మా ఇంట్ల ఇద్దరే ఉన్నరమ్మా," అన్నాడు ఓంప్రకాశ్. "మూడు చాపలు గావాలె."

"ఉప్పు వచ్చుడంటే సుట్టాలు వచ్చి నడుమల కూసున్నట్టు. ఉప్పుకు గూడ కరెంటు ఉంటది, అది పోగును చుట్టుముడ్తది. పక్కన ఎవలున్నరో తోడికోడలికి కనబడది, కోపం సల్లబడ్తది. జరిగి కూసునే పని లేదు, దగ్గరికి ముడుచుకుంటరు. పోగు ఉండ చుట్టుకున్నదంటే నీళ్లకు దారి దొరికినట్టే. ఆ మీద నువ్వు ఇంకిద్దరు కోడళ్లను తెచ్చి కూసోబెట్టినా, సుట్టాలు ఆడనే ఉన్నరాయె. నాలుగు కిలోలు పోసినా పెరిగింది ఒక్క సెకన్."

చుట్టూ నవ్వులు లేచాయి. సాయిచంద్ నవ్వలేదు గానీ, ట్యాబ్‌లో ఏదో రాసుకున్నాడు.

హెప్సిబా అప్పటికే గుంట దగ్గర మోకాళ్ళు పట్టుకుని వంగింది. మూడు రోజుల ఎండకు గుంట అంచుల్లో తెల్లటి పొర కట్టింది. వేలితో గీకి నాలుక మీద వేసుకుంది. తర్వాత టీడీఎస్ మీటరు ముంచి సాయిచంద్‌కు చూపింది. నాలుగు వేల ఎనిమిది వందలు.

"నీళ్లల్ల ఎంత ఉప్పు కరిగిందో చెప్పే అంకె ఇది. గోదారికి మూడు వందలు దాటది. ఒక్క రాత్రిల గోదారికి ఇంత ఉప్పెట్ల పట్టిందో చెప్పుండ్రి."

"అంటే ట్యాంకరు..." సాయిచంద్ ఆగిపోయాడు.

"ఘాటుకు పోలే. ట్యాంకరు నడిపేటోనికి నీళ్లంటే నీళ్లే. రోడ్డు మీద చల్లినా, చెట్లకు పోసినా ఏ నీళ్లైతేంది? మడ్ మాత్రం ఊకోలే. ఓంప్రకాశ్, దగ్గర్ల ఇంత ఉప్పు నీళ్లు ఏడ ఉన్నయ్?"

ఓంప్రకాశ్ తల గోక్కుని, పనిముట్ల పెట్టెలోంచి జిడ్డు పట్టిన చిన్న డైరీ తీశాడు. "కొండల్ది. ఏడికి పోయినా నీళ్లు కొలిచి రాసుకునుడు ఆయనకు పిచ్చి." నాలుగో పేజీలో ఉంది. మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ బాయి: 6100. వద్దు. ఆ 'వద్దు' కింద రెండు గీతలు.

ఐసు గడ్డకట్టించడానికి అచ్చుల చుట్టూ ఉప్పునీళ్ళు నింపి ఉంచుతారు. ఇరవై ఏళ్ళు కారిన ఆ ఉప్పంతా భూమిలోకి దిగి బావిలో చేరింది. ఫ్యాక్టరీ మూతపడింది. బావి మిగిలింది, దాని మీద ఇటుకబట్టీవాళ్ళ డీజిలు మోటారూ మిగిలింది. రిగ్గుకు నాలుగు కిలోమీటర్లు.

అప్పుడు తట్టింది హెప్సిబాకు, కాలికింద రాయి. కొండల్ కనిపించాడా అని తాను అడిగింది. ఎవ్వల్నీ ఎక్కించుకోలే అని అతను చెప్పాడు. ఎక్కించుకున్నావా అని ఎవరూ అడగలేదు.

"హనుమండ్లుకు ఫోన్ చెయ్యుండ్రి!"

ఫోన్ మోగింది. ఎత్తలేదు. టైము పన్నెండు పది. మాట్లాడించి, భయపెట్టి, తానే చేతులారా పోనిచ్చింది.

"ఆంటీ, ఇదంతా మీ ఊహ. ప్రూఫ్ లేకుంట..."

"తిట్టేది దారిల తిట్టుండ్రి సాయిచంద్ గారు. ముందుగాల బండి తియ్యుండ్రి."

సాయిచంద్ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, తాళం చెవుల కోసం జేబు తడుముకున్నాడు.

*

పన్నెండు ఇరవై రెండుకు కారు ఐస్ ఫ్యాక్టరీ ముందు ఆగింది. ట్యాంకరు అక్కడే ఉంది. ఇంజను నడుస్తోంది. డ్రైవరు వైపు తలుపు బార్లా తెరిచి ఉంది. సీటు మీద ఫోన్ మోగుతోంది, ఓంప్రకాశ్ ఇంకా రిగ్గు దగ్గరినుంచి చేస్తూనే ఉన్నాడు. మనిషి లేడు.

దీపిక అందరికన్నా ముందు షెడ్డులోకి పరుగెత్తింది. హెప్సిబా వెనకే నడిచింది. హనుమండ్లు ఇక్కడికి ఎందుకొచ్చాడో, వచ్చి ఏం చేశాడో తలుచుకోవడానికే భయమేసింది. నేల కింద పాత తొట్టి. దాని మీది కుళ్ళిన చెక్కలు విరిగి, మనిషంత కంత. పక్క స్తంభానికి కట్టిన ట్యాంకరు తాడు ఆ కంతలోకి దిగి ఉంది.

"కొండల్!" అని అరిచింది దీపిక.

 పన్నెండడుగుల లోపలినుంచి, ఎండిపోయిన గొంతు.

"మెల్లగ. చెక్కలు ఇరుగుతయ్."

సాయిచంద్ ఫోన్ లైటు వేశాడు. కొండల్ గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒక కాలు వంకరగా పడి ఉంది. తల వెనక బ్యాగు, చలికి కప్పుకున్న లుంగీ, చేతికందే దూరంలో నీళ్ళ సీసా. దాని అడుగున నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు ఇంకా ఉన్నాయి. మూడు రోజులు గుక్క గుక్క లెక్క పెట్టుకుని తాగాడు.

దీపిక కంత పక్కన బోర్లా పడుకుంది. ఏడుపులో మాట సరిగా రాలేదు. "నన్ను ఇడిసిపెట్టి పోతున్నవనుకున్ననయ్యా."

"ఏడికి పోతనే? డ్యూటీకే పోతున్న." కిందినుంచి దగ్గులాంటి నవ్వు. "బ్యాగు సర్ది చేతికిస్తివి. వద్దంటే ఇంకో గంట కొట్లాడుతవని పట్టుకున్న. ఉల్లికారంల ఉప్పు ఎక్కువేసినవ్."

హెప్సిబా చేతులు గోడకు ఆనించి కళ్ళు మూసుకుంది. ఇరవై మంది. ఇరవై మూడులో ఇరవై మంది దొరికారు. ఆ ఉప్పు వాసన షెడ్డులో అంత సుఖంగా ఆమె ఎన్నడూ ఊపిరి తీసుకోలేదు.

సాయిచంద్ అంబులెన్సుకు, పోలీసులకు ఫోన్లు చేస్తుంటే, కొండల్ ఒక్కొక్క మాటా కూడదీసుకుని చెప్పాడు. రోడ్డు మీద హనుమండ్లు లిఫ్టు ఇచ్చాడు. ఘాటు దగ్గర కరెంటు లేదు. ఆలస్యమైతే పని పోతుందని హనుమండ్లు ట్యాంకరు ఇక్కడికి తిప్పాడు. ఈ నీళ్ళు పోస్తే మడ్ విరిగిపోతుందని కొండల్ పైపు లాగాడు. నీళ్లకు నీళ్లకు తేడా ఏందని హనుమండ్లు నూకాడు. చెక్కలు విరిగాయి. ఫోను పగిలింది.

"పిలిస్తే నేను పలకలేదట. తల తిరిగి పడి ఉన్న. సచ్చిన్ననుకొని పోయిండు."

"ఈ తాడు?" అంది హెప్సిబా.

"ఇయ్యాలనే. జరసేపైంది. మీద నుంచి తొంగి చూసిండు. బతికే ఉన్నవా అన్నా అని చిన్న పోరని లెక్క ఏడ్చిండు. తాడు దించిండు. కాలు ఇరిగింది, ఎక్కలేనన్న. తన సద్ది దించిండు." కొండల్ పక్కన స్టీలు డబ్బా ఉంది. మూత తీసి ఉంది, సగం తిన్న అన్నం. "మనుషులను తోలుకొస్త, గిప్పుడే వస్త అన్నడు. కలిసిండా మీకు?"

 సాయిచంద్ బయటికి వెళ్ళి ట్యాంకరు ఇంజను ఆపాడు.

ఒంటిగంటంపావుకు కొండల్‌ను పైకి తీశారు. అంబులెన్సులో దీపిక అతని చెయ్యి పట్టుకుని, ఉల్లికారంలో ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అని అప్పుడే కొట్లాట మొదలుపెట్టింది. రెండు గంటలకు పోవాల్సిన కంప్లయింటు పోలేదు. సాయిచంద్ లక్సెట్టిపేట బస్టాండుదాకా తానే దింపుతానని హెప్సిబాకు కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

"మేడం," అన్నాడు, ఆంటీ అనకుండా. "ఆ తోడికోడళ్ల సంగతి ఇంకోసారి చెప్పండి. రిపోర్టుల రాయాలె."

"తోడికోడళ్లను రాయొద్దు. పదిహేను సెకన్లని రాయుండ్రి. సాలు."

కానీ ఆమె వెంటనే కారెక్కలేదు. ఊళ్ళోంచి ఒక ముసలమ్మ ఎండలో చెప్పుల్లేకుండా నడిచి వచ్చింది. హనుమండ్లు తల్లి లస్మవ్వ. ట్యాంకరు చుట్టూ ఒకసారి తిరిగి, తెరిచి ఉన్న తలుపును చేత్తో తడిమి, హెప్సిబా ముందు నిలబడింది.

"నా కొడుకు మనుషుల కోసం పోయిండటగదమ్మా. మనుషులు వచ్చిరి. వాడేడి?"

 ఊరివైపు అతన్ని చూసినవాళ్ళు లేరు, రోడ్డు మీద చూసినవాళ్ళు లేరు. గోదావరి వైపు పోయే బండ్లబాటలో అతని తువాలు మాత్రం దొరికింది. హెప్సిబా నోటు పుస్తకం తీసి, పొద్దున రాసిన పేజీని జాగ్రత్తగా చింపి, కింద తారీఖూ వారమూ కలిపి రాసి, ముసలమ్మ అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"చదువ రాదు బిడ్డా. ఏమున్నది అండ్ల?"

"ఎప్పుడు పోయిండో ఉన్నదవ్వా. దాసుకో."

ఆ రాత్రి హెప్సిబా ఇంటికి చేరేసరికి తొమ్మిది. రాసిన దానికన్నా రెండు గంటలు ఆలస్యం. అనిల్ కుమార్ క్యాలెండరు ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చప్పటి పప్పు ఇద్దరూ కలిసి తిన్నారు.

హనుమండ్లు తిరిగి రాలేదు. వెళ్ళింది ఫిబ్రవరి పన్నెండు, బుధవారం, పగలు పదకొండు ఇరవైకి.